రంధ్రంలో నిలిచే ఎంజైము: ఆచార్య చల్లా విజయకుమార్ పరిశోధనలు, డెల్టా నేలకు అవి చెప్పే పాఠం

పంచారామాలలో ఒకటిగా ప్రసిద్ధి పొందిన ద్రాక్షారామం గోదావరి తూర్పు డెల్టాలో వరి మాగాణుల నడుమ వెలసిన క్షేత్రం. భీమేశ్వరాలయ గోపురం దాటి ఊరి వెలుపలికి రాగానే కాలువ నీటితో సార్వా, దాళ్వా పండే చేలు, గట్ల వెంబడి కొబ్బరి చెట్లు కనిపిస్తాయి. సర్ ఆర్థర్ కాటన్ చొరవతో 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ ప్రాంతానికి నీటి భద్రతను ఇచ్చింది. నేలను మాత్రం నది అంతకుముందు వేల ఏండ్లుగా పేర్చుతూ వచ్చింది. దక్కన్ బసాల్టు శిలలు శిథిలమై గోదావరి వెంట కొట్టుకువచ్చిన ఒండ్రులో స్మెక్టైటు వర్గపు బంకమన్ను సమృద్ధిగా ఉంటుంది. తడిసినప్పుడు ఉబ్బడం, ఎండాకాలంలో నెఱ్ఱెలు విచ్చడం ఈ మట్టి స్వభావం. ఇది పలుచని రేకుల దొంతర వంటి నిర్మాణం కలిగి ఉండటమే దానికి కారణం. రేకుల నడుమకు నీరు చేరితే దొంతర ఎత్తు పెరుగుతుంది. నీరు పోతే కుంగుతుంది.

ఊడ్పుల తరువాత రైతు ఈ మట్టిపై యూరియా చల్లుతాడు. అందులో 46 శాతం నత్రజని ఉంటుంది. అయితే వరి వేరు ఆ నత్రజనిని ప్రధానంగా అమ్మోనియం రూపంలో గ్రహిస్తుంది. యూరియాను అమ్మోనియంగా మార్చే పని యూరియేజ్ అనే ఎంజైముది. ఆ ఎంజైమును రైతు చల్లలేదు. నేలలోని సూక్ష్మజీవులు, వేర్లు, పంట అవశేషాలు దానిని సమకూర్చాయి. వాటిలో కొన్ని ఎన్నడో చనిపోయాయి, వాటి ఎంజైము మాత్రం బంకమన్ను రేకులను, హ్యూమస్‌ను ఆశ్రయించి పనిచేస్తూనే ఉన్నది. పరీక్షనాళికలోని నీటిలో కొద్ది రోజులకే చెడిపోయే ప్రోటీను మట్టిలో దీర్ఘకాలం ఎలా నిలుస్తున్నది? నేల శాస్త్రానికి చిరకాలంగా పరిచయమైన ఈ ప్రశ్నకు సమాధానంలో ముఖ్య భాగం వేరొక రంగంలో, రసాయన శాస్త్ర ప్రయోగశాలలో స్పష్టమైంది. ఆ కృషిలో పేర్కొనదగిన శాస్త్రవేత్త అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర ఆచార్యులు చల్లా విజయకుమార్. ‘చల్లా’ తెలుగువారికి సుపరిచితమైన ఇంటిపేరు. పరిశోధనా పత్రాలలో ఆయన పేరు చల్లా వి. కుమార్‌గా కనిపిస్తుంది.

పొరల మధ్య ఆరంభమైన ప్రస్థానం

కుమార్ డాక్టరేట్ పరిశోధన కాన్పూర్ ఐఐటీలో, కాంతి రసాయన శాస్త్రంలో ప్రసిద్ధులైన ఆచార్య ఎం. వి. జార్జ్ మార్గదర్శకత్వంలో జరిగింది. అనంతరం ఆయన అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ రేడియేషన్ ప్రయోగశాలలోను, కొలంబియా విశ్వవిద్యాలయంలోను పరిశోధన కొనసాగించారు. కొలంబియాలో జాక్వెలిన్ బార్టన్, నికొలస్ టరోలతో కలిసి 1985లో ప్రచురించిన పత్రం విశేష ప్రాచుర్యం పొందింది. రుథీనియం లోహ సంశ్లిష్టాలు డీఎన్ఏకు ఎలా అంటుకుంటాయో, అప్పుడు వాటి కాంతి ఉద్గారం ఎలా మారుతుందో ఆ పత్రం వివరించింది. సంశ్లిష్ట అణువులలో కొన్ని డీఎన్ఏ ఉపరితలాన్ని ఆశ్రయిస్తాయి. మరికొన్ని నిచ్చెన మెట్ల వంటి క్షార జతల నడుమకు దూరి నిలుస్తాయి. నడుమకు దూరిన అణువుకు చుట్టూ ఉన్న నీటి నుంచి రక్షణ లభిస్తుంది. దాని ప్రవర్తన స్వేచ్ఛగా తిరిగే అణువు ప్రవర్తనకు భిన్నంగా ఉంటుంది.

పొరల నడుమ చేరిన అణువు తన స్వభావాన్ని ఎలా మార్చుకుంటుందన్న ఈ జిజ్ఞాస ఆయన తదుపరి కృషి అంతటా కనిపిస్తుంది. 1980 దశకం చివర ఆయన స్టార్స్ పట్టణంలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. ఆ విశ్వవిద్యాలయం 1881లో స్టార్స్ వ్యవసాయ పాఠశాలగా పుట్టినదన్న సంగతి వ్యవసాయ విద్యార్థులకు ఆసక్తి కలిగిస్తుంది. అక్కడ డీఎన్ఏపై పరిశోధనతో పాటు ప్రోటీన్లపై కాంతి రసాయన శాస్త్రాన్ని ప్రయోగించారు. కాంతి సోకినప్పుడు ప్రోటీను గొలుసును నిర్దిష్ట స్థానంలో ఖండించే అణువుల గురించి 1998లో ఆయన బృందం ప్రచురించిన పత్రం ఆ దశకు చెందినది.

రాతి రేకుల నడుమ ప్రోటీను

1990 దశకంలో కుమార్ దృష్టి ఆల్ఫా జిర్కోనియం ఫాస్ఫేటు అనే కృత్రిమ ఘన పదార్థంపైకి మళ్ళింది. ఇదికూడ బంకమన్ను వలె రేకుల దొంతర. రేకులపై రుణావేశం ఉంటుంది. రెండు రేకుల మధ్య ఆవృత్తి దూరం సుమారు 0.76 నానోమీటరు మాత్రమే. సాధారణ ప్రోటీను వ్యాసం అనేక నానోమీటర్లు. ఉన్న సందులోకి ప్రోటీనును బలవంతంగా చొప్పించడం సాధ్యం కాదు. అందువల్ల ముందుగా టెట్రాబ్యూటైల్ అమ్మోనియం హైడ్రాక్సైడుతో రేకులను విడదీసి, ఆ తరువాత ప్రోటీను ద్రావణాన్ని కలిపారు. రేకులు ప్రోటీనును నడుమ ఉంచుకొని తిరిగి పేర్చుకున్నాయి. ఎక్స్ కిరణాల వివర్తనంలో రేకుల మధ్య దూరం ప్రోటీను పరిమాణానికి అనుగుణంగా పెరిగినట్లు తేలింది.

1997లో సైటోక్రోమ్ సి, హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్‌లతోను, 2000లో మయోగ్లోబిన్, లైసోజైమ్, హీమోగ్లోబిన్, కైమోట్రిప్సిన్, గ్లూకోజ్ ఆక్సిడేజ్‌లతోను ఈ ప్రయోగాల ఫలితాలు వెలువడ్డాయి. రేకుల నడుమ చేరిన ప్రోటీన్లు తమ ముడుత రూపాన్ని చాలావరకు నిలుపుకొన్నాయి, రసాయన చర్యను కొనసాగించాయి. ద్రావణంలో ప్రోటీను చెడిపోయే అధిక ఉష్ణోగ్రతల వద్దకూడ పెరాక్సిడేజ్ చర్య కొనసాగుతుందని 2002లో ప్రచురితమైన మరొక పత్రం చూపింది.

దీనికి కారణాన్ని ఉష్ణగతిక శాస్త్రం వివరిస్తుంది. ఎంజైము చెడిపోవడమంటే ముడుతలు పడి ఉన్న గొలుసు విడిపోయి అస్తవ్యస్తం కావడం. విడిపోయిన గొలుసు లెక్కలేనన్ని రూపాలు ధరించగలదు, అంటే దాని ఎంట్రోపీ ఎక్కువ. వేడిమి పెరిగేకొద్దీ ఆ అస్తవ్యస్త స్థితికే మొగ్గు పెరుగుతుంది. గొలుసును ఇరుకైన చోట బంధిస్తే అది విడిపోయినా ధరించగల రూపాలు తగ్గుతాయి. అస్తవ్యస్తతలో లభించే లాభం తగ్గినందువల్ల ముడుత రూపమే మేలవుతుంది. ఎంజైము అణువులో ఒక్క పరమాణువునైనా మార్చకుండా, అది ఉండే చోటును మార్చి దాని మన్నికను పెంచవచ్చునన్నది ఇందులోని సారం.

ఇంకొక చిక్కు మిగిలింది. రేకులపై రుణావేశం ఉన్నందున రుణావేశం గల ఎంజైములు వాటికి సరిగా అంటుకోవు. ఇందుకు కుమార్ బృందం రెండు మార్గాలు అనుసరించింది. మొదటిది ప్రోటీను ఉపరితలాన్ని రసాయనికంగా ధనావేశభరితం చేయడం. రెండవది లోహ అయాన్లను నడుమ వారధిగా నిలపడం. 2013లో వెలువడిన పత్రాలలో ఈ మార్గాలు వివరించబడ్డాయి. ఈ రెండవ మార్గం నేల శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. బంకమన్ను రేణువును, హ్యూమస్‌ను కాల్షియం అయాన్లు వారధిగా కలపడం వారు నిత్యం బోధించే విషయమే.

కాగితపు సందులలో సాలెగూడు

కుమార్ పరిశోధనల రెండవ దశ పాలిమర్లతో ముడివడి ఉన్నది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన పాలిమర్ శాస్త్రవేత్త రాజేశ్వరి కాశీతో కలిసి ఆయన బృందం ప్రోటీనును పాలీఎక్రిలిక్ ఆమ్లపు గొలుసులతో రసాయన బంధాల ద్వారా అల్లింది. ఇలా కవచం తొడిగిన హీమోగ్లోబిన్ ఆవిరితో క్రిమిరహితం చేసేంతటి వేడిమినికూడ తట్టుకొన్నది. 2014లో కేటలేజ్ ఎంజైముపై ఇదే పద్ధతిని ప్రయోగించారు. శీతల పేటిక అవసరం లేకుండా బల్లపైనే నిలువ ఉండగల ఎంజైమును తయారుచేయడం ఈ ప్రయత్నాల లక్ష్యం.

2016లో ఈ ఆలోచన కాగితానికి విస్తరించింది. వడపోత కాగితం సెల్యులోజు నారల అల్లిక. నారల నడుమ ఖాళీలు ఉంటాయి. ఆ ఖాళీలలో గ్లూకోజ్ ఆక్సిడేజ్, పెరాక్సిడేజ్ అనే రెండు ఎంజైములను పాలిమరుతో కలిపి, సాలెపురుగు గూటివలె నారలకు చుట్టుకొనే వలగా రూపొందించారు. మొదటి ఎంజైము గ్లూకోజును ఆక్సీకరణం చేసి హైడ్రోజన్ పెరాక్సైడును విడుదల చేస్తుంది. పక్కనే ఉన్న రెండవ ఎంజైము ఆ పెరాక్సైడును వినియోగించి రంగు పుట్టిస్తుంది. కాగితపు రంధ్రాలు ద్రావణానికి దారి ఇస్తాయి, వల ఎంజైమును కొట్టుకుపోనివ్వదు. రంధ్రముల ఉపయోగమంతా ఈ రెండు పనులలో ఇమిడి ఉన్నది. నిలువ ఉంచవలసినది నిలవాలి, వచ్చిపోవలసినది వచ్చిపోవాలి.

గ్రాఫీనును వంటింటి బ్లెండరులో ఆహారపు ప్రోటీన్ల సహాయంతో నీటిలోనే తయారుచేసే విధానాన్ని 2015లో ఆయన బృందం ప్రకటించింది. అదే సంవత్సరం ఆగస్టులో బోస్టన్‌లో జరిగిన అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో సౌర ఫలకాలకు తోడ్పడే ఒక మెత్తని జెల్‌ను పరిచయం చేశారు. పశువుల రక్తరసంలోని ప్రోటీను, కొబ్బరి నుంచి లభించే కొవ్వు ఆమ్లం అందులోని ముఖ్య ద్రవ్యాలు. సిలికాన్ సరిగా వినియోగించుకోలేని కాంతిని ఆ జెల్‌లోని రంగు అణువులు గ్రహించి అనువైన రంగు కాంతిగా అందిస్తాయి. ఎంజైములకు నానో పదార్థాలతో కవచం తొడిగే పద్ధతులపై 2016 నుంచి 2020 వరకు ‘మెథడ్స్ ఇన్ ఎంజైమాలజీ’ గ్రంథమాలలో వెలువడిన నాలుగు సంపుటాలకు కుమార్ సంపాదకత్వం వహించారు.

రంధ్ర పదార్థాల వంశవృక్షం

ఈ కృషికి శతాబ్దపు నేపథ్యం ఉన్నది. 1916లో నెల్సన్, గ్రిఫిన్ అనే శాస్త్రవేత్తలు చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ ఎంజైము బొగ్గుకు అంటుకొన్న తరువాతకూడ పనిచేస్తుందని గమనించారు. 1969లో జపానుకు చెందిన తనాబే సెయాకు సంస్థలో ఇచిరో చిబాతా బృందం ఆధారంపై నిలిపిన ఎంజైముతో ఎమైనో ఆమ్లాల పారిశ్రామిక ఉత్పత్తిని ప్రారంభించింది. 1992లో మొబిల్ సంస్థ పరిశోధకులు క్రమబద్ధమైన రంధ్రాలు గల ఎంసీఎం-41 సిలికాను ప్రకటించారు. జియోలైటు రంధ్రాలు ఒక నానోమీటరు కంటె సన్ననివి, ఎంజైము వాటిలో పట్టదు. రెండు మొదలు పది నానోమీటర్ల రంధ్రాలు లభించిన తరువాత చిన్న ప్రోటీన్లకు చోటు దొరికింది. లోహ, కర్బన అణువులతో అల్లిన జాలకాలు ఆ పిమ్మట వచ్చాయి. వాటిని రూపొందించినందుకే సుసుము కితగావ, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు 2025 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఈ జాలకాలను ఎంజైము చుట్టూనే పెరిగేటట్లు చేసి, దానిని లోపల బంధించే పద్ధతులు నేడు అనేక ప్రయోగశాలలలో నడుస్తున్నాయి.

మట్టి ముందే నేర్చిన విద్య

కుమార్ ప్రయోగశాలలో కృత్రిమ రేకులతో సాధించినదానిని డెల్టా మట్టి తనకు తానుగా చేస్తున్నది. ఈ సంగతిని నేల శాస్త్రజ్ఞులు తమ మార్గంలో గుర్తించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎ. డి. మెక్‌లారెన్ 1950 దశకంలో కేయోలినైటు బంకమన్నుకు అంటుకొన్న ఎంజైములను పరిశీలించారు. రుణావేశం గల మట్టి ఉపరితలం హైడ్రోజన్ అయాన్లను తనచుట్టూ చేర్చుకొంటుంది. అందువల్ల అక్కడ ఎంజైము ఎదుర్కొనే ఆమ్లత చుట్టూ ఉన్న ద్రావణపు ఆమ్లత కంటె అధికం. ఫలితంగా కైమోట్రిప్సిన్ ఉత్తమంగా పనిచేసే పీహెచ్ సుమారు రెండు ప్రమాణాలు పైకి జరిగినట్లు 1957లో మెక్‌లారెన్, ఎస్టర్‌మన్ చూపారు. పరీక్షనాళిక విలువలను యథాతథంగా పొలానికి అన్వయించరాదన్న హెచ్చరిక ఇందులో ఉన్నది.

1977లో జాంటువా, బ్రెమ్నర్ చేసిన ప్రయోగాలు మరింత ఆలోచింపజేస్తాయి. మట్టికి బయటి నుంచి యూరియేజ్ చేర్చినప్పుడు, సేంద్రియ పదార్థం కలిపి సూక్ష్మజీవులను ప్రేరేపించినప్పుడు ఎంజైము చర్య కొంతకాలం పెరిగింది. తరువాత అది ఆ మట్టికి సహజమైన పూర్వపు స్థాయికే దిగివచ్చింది. ప్రతి నేలకు ఎంజైమును రక్షించగల చోటు ఇంత అని ఒక పరిమితి ఉన్నదని దీనివల్ల అర్థమవుతుంది. ఆ చోటు దొరకని ఎంజైమును సూక్ష్మజీవుల ప్రోటియేజ్‌లు ఆహారంగా మార్చుకొంటాయి.

ఈ రక్షణ రైతుకు ఎల్లప్పుడు మేలే చేస్తుందని అనుకోరాదు. సేంద్రియ భాస్వరాన్ని వేరుకు అందించే ఫాస్ఫటేజ్ మట్టిలో నిలవడం లాభం. యూరియేజ్ నిలవడంలో మాత్రం లాభనష్టాలు రెండూ ఉన్నాయి. జేమ్స్ సమ్నర్ 1926లో తమ్మకాయ జాతికి చెందిన జాక్ బీన్ గింజల నుంచి వేరుచేసి స్ఫటికీకరించిన మొట్టమొదటి ఎంజైము ఇదే. ఆ కృషికి ఆయనకు 1946లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. నీరు నిలిచిన వరి చేనిలో యూరియాను పైపైన చల్లితే యూరియేజ్ దానిని త్వరగా అమ్మోనియంగా మారుస్తుంది. పగటి వేళ నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడును గ్రహించడం వల్ల నీటి పీహెచ్ పెరుగుతుంది. అప్పుడు అమ్మోనియం అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. రైతు కొన్న యూరియాలో కొంత భాగం పంటకు అందకుండా పోయే దారులలో ఇది ఒకటి. యూరియాను విడతలుగా వేయడం, నీరు పలుచగా తీసి వేయడం, మట్టిలోపలికి చేర్చడం, యూరియేజ్ నిరోధకాలను వాడటం అన్నవి ఈ వేగాన్ని గాని, ఈ నష్టాన్ని గాని అదుపుచేసే ప్రయత్నాలే. 2015 నుంచి దేశీయ యూరియాకు తప్పనిసరి చేసిన వేపనూనె పూత ప్రధానంగా ఆ తరువాతి మెట్టును, అంటే అమ్మోనియం నైట్రేటుగా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఈ రెండింటి తేడాను విస్తరణాధికారి రైతుకు విడమరచి చెప్పవలసి ఉంటుంది.

ఊక, పీచు, పెంకు: ఏది ఎంజైముకు చోటు?

ద్రాక్షారామ పరిసరాలలో రంధ్ర పదార్థాలకు కొదవ లేదు. ధాన్యం బరువులో సుమారు ఐదవ వంతు ఊక. ఊకను కాల్చితే వచ్చే బూడిదలో అధిక భాగం సిలికా. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ లోపు అదుపుతో కాల్చితే ఆ సిలికా స్ఫటిక రూపం పొందక, చర్యాశీలమైన రూపంలో లభిస్తుంది. ఇంకా ఎక్కువ వేడిమిలో కాలితే స్ఫటికీకరించి ఆ గుణాన్ని కోల్పోతుంది. మిల్లు పొయ్యిలో కాలిన బూడిద అంతా ఒకే తీరుది కాదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

కొబ్బరి పెంకు నుంచి తయారయ్యే ఉత్తేజిత బొగ్గుకు ఉపరితల వైశాల్యం ఎంతో ఎక్కువ. అయితే దాని రంధ్రాలలో అధిక భాగం రెండు నానోమీటర్ల కంటె సన్ననివి. నీటిలోని చిన్న అణువులను పట్టుకోవడానికి అవి అనువైనవి, ఎంజైము మాత్రం వాటిలో దూరలేక పైపొరపైనే మిగులుతుంది. వైశాల్యపు అంకె ఒక్కటే చూసి ఆధార పదార్థాన్ని ఎంచుకోవడం ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు. రంధ్రపు వెడల్పు, ఉపరితల విద్యుదావేశం, నీటితో సాన్నిహిత్యం అనే మూడింటినీ వైశాల్యంతో పాటు పరిశీలించాలి. కొబ్బరి పీచు సెల్యులోజు, లిగ్నిన్‌ల అల్లిక. సెల్యులోజు నారల నడుమ ఎంజైమును బంధించవచ్చునని వడపోత కాగితం ప్రయోగం చూపింది. పీచులోని లిగ్నిన్, ఫినాల్ పదార్థాలు కొన్ని ఎంజైములకు ఆటంకం కాగలవు కనుక ముందుగా వాటి సంగతి చూడవలసి ఉంటుంది. కొబ్బరిపై కృషి సాగించే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం, వరికి ప్రసిద్ధమైన మారుటేరు పరిశోధన స్థానం ఈ డెల్టాలోనే ఉన్నాయి. స్థానిక వ్యర్థాలపై ఇటువంటి ప్రశ్నలు వేయదలచిన పరిశోధక విద్యార్థికి ముడిసరుకు, పంట, నేల మూడూ చేరువలోనే లభిస్తాయి.

విస్తరణ రంగానికి వర్తించే విషయాలు

ఎంజైములు ఉన్నాయని చెప్పే ద్రవాలు, పొడులు నేడు విపణిలో విరివిగా లభిస్తున్నాయి. 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి జీవ ఉత్తేజకాలను దాని పరిధిలోకి తెచ్చారు. సీసాను చేత పట్టుకొని సలహా కోసం వచ్చే రైతుకు సమాధానం చెప్పేముందు విస్తరణ శాస్త్రవేత్త నాలుగు ప్రశ్నలు వేసుకోవడం అవసరం. ఆ ఉత్పత్తి ఉత్తర్వు ప్రకారం నమోదైనదా? అందులోని ఎంజైము ఏది, దాని చర్యను ఏ ప్రమాణంలో కొలిచారు? అది స్వేచ్ఛగా ద్రావణంలో ఉన్నదా, ఏదైనా ఆధారంపై నిలిపి ఉన్నదా? డెల్టా నేల పీహెచ్ వద్ద, మే నెల దుకాణపు వేడిమిలో అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? జాంటువా, బ్రెమ్నర్ ప్రయోగాన్ని ఎరిగినవారు నాలుగు రోజుల ఉత్సాహాన్ని నేలలో శాశ్వత మార్పుగా భ్రమించరు.

కుమార్ తదితరులు రూపొందించిన పదార్థాలుకూడ ఇప్పటికి అధికంగా ప్రయోగశాల స్థాయికి చెందినవే. జిర్కోనియం ఫాస్ఫేటును ఎకరాలకు చల్లడం ఎవరి లక్ష్యమూ కాదు. వాటినుంచి వ్యవసాయానికి త్వరగా చేరగలిగినది పరీక్షా సాధనం. శీతలీకరణ లేకుండా నిలువ ఉండి, రంగు మార్పుతో ఫలితాన్ని చూపే కాగితపు పట్టీ నేల పరీక్షకు, నీటి పరీక్షకు, ఆహార పదార్థాల తనిఖీకి అనువుగా మలచుకోదగిన ఆలోచన. రైతు సేవా కేంద్రంలో విద్యుత్తు పోయినా చెడని పట్టీ విలువ గ్రామంలో పనిచేసినవారికి తెలుసు.

నేల ఆరోగ్యాన్ని సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెలతోనే తూచే అలవాటుకు ఎంజైము పరీక్ష మంచి తోడు. 1969లో తబాతబాయ్, బ్రెమ్నర్ ప్రవేశపెట్టిన ఫాస్ఫటేజ్ పరీక్షకు పారా నైట్రోఫినైల్ ఫాస్ఫేటు, తగిన బఫరు, వర్ణమాపకం ఉంటే చాలు. ఎంజైము చర్య వల్ల విడుదలైన పారా నైట్రోఫినాల్ క్షార ద్రావణంలో పసుపు రంగు ఇస్తుంది. దమ్ముకు ముందు, పిలకల దశలో, కోత తరువాత ఒకే మడి నుంచి మట్టి తీసి పోల్చితే స్నాతకోత్తర విద్యార్థికి మంచి అధ్యయనం అవుతుంది. గడ్డి కాల్చిన మడిని, గడ్డి కలియదున్నిన మడిని పక్కపక్కన పెట్టి చూడటం ఇంకా ఉపయుక్తం. హ్యూమస్ పెరిగితే ఎంజైముకు చోటు పెరుగుతుంది. చోటు పెంచడం సీసాతో అయ్యే పని కాదు, గడ్డితోను, పశువుల ఎరువుతోను, పచ్చిరొట్టతోను ఏండ్ల తరబడి సాగవలసిన పని.

డీఎన్ఏ మెట్ల నడుమ దూరిన లోహ సంశ్లిష్టంతో మొదలై, జిర్కోనియం ఫాస్ఫేటు రేకుల మీదుగా కాగితపు నారల వరకు సాగిన ఆచార్య కుమార్ పరిశోధనలో ఒకే సూత్రం కనిపిస్తుంది. అణువు మన్నిక దాని నిర్మాణంపై ఎంత ఆధారపడుతుందో, అది ఆశ్రయించిన చోటుపైనా అంతే ఆధారపడుతుంది. ద్రాక్షారామం చేలలోని నల్లమట్టికి ఆ చోటు ఇవ్వగల గుణం నది ఒండ్రుతోనే వచ్చింది. దానిని కాపాడటం ఆ మట్టిని సాగుచేసేవారి వంతు, వారికి సలహా ఇచ్చేవారి వంతు.